చెరువు నీరు చెడితే చెడేది చేప ఒక్కటే కాదు: నీటి నాణ్యత, మందుల వాడకంపై చిన్న రైతులకు సూచనలు



ఎకరం, రెండెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుకుంటూ, గట్టు మీద రెండు గేదెలు కట్టుకుని, ఆ పక్కన కాస్త వరి వేసుకునే చిన్న రైతులు గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలామంది ఉన్నారు. ఆ చెరువులోనే గేదెలు దిగుతాయి. ఆ నీటిలోనే మనం నడుము లోతున నిలబడి వల లాగుతాం. పట్టుబడి అయ్యాక ఆ నీరే పక్క బోదెలోకి పోతుంది. ఆ బోదె ముందుకు వెళ్లి ఏ కాలువలో కలుస్తుందో, ఆ కాలువ నీరు ఏ ఊరి మంచినీటి చెరువుకు చేరుతుందో ఒకసారి ఆలోచించండి.

అందుకే శాస్త్రవేత్తలు ఇప్పుడు చేప ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, మనిషి ఆరోగ్యం, నీటి నాణ్యత అన్నింటినీ ఒకే లెక్కలో చూస్తున్నారు. ఈ వ్యాసంలో మూడు విషయాలు చెబుతాను. నీరు ఎందుకు చెడుతుంది, మందు ఎప్పుడు పనిచేయదు, చెరువులో పోసిన మందు తిరిగి మన ఇంటికి ఎలా వస్తుంది.

చేపలు తెల్లవారుజామునే ఎందుకు చనిపోతాయి?

చెరువు నీటిలోని ఆకుపచ్చదనం అంటే కంటికి కనిపించని సన్నని మొక్కలు. పగలు ఎండలో ఇవి ప్రాణవాయువును (ఆక్సిజన్) నీటిలోకి వదులుతాయి. రాత్రి అయితే అవే ప్రాణవాయువును వాడుకుంటాయి. చేపలు, అడుగున కుళ్లే మేత, పేడ, బురదలోని సూక్ష్మజీవులు కూడా రాత్రంతా దాన్నే వాడుకుంటాయి. కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది.

వేడి పెరిగేకొద్దీ నీటిలో ప్రాణవాయువు కరిగే శక్తి కూడా తగ్గుతుంది. మంచినీరు 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టుకోగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే పట్టుకుంటుంది. వేసవిలో మబ్బు పట్టి, గాలి ఆగిపోయిన రోజు పగలు తయారయ్యేది తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం అంతే. ఆ మర్నాడు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

ఇది రోగం కాదు, ఊపిరాడకపోవడం. దీనికి ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా ఇలాంటి రోజునే చాలామంది రైతులు చనిపోయిన చేప ఫోటో తీసి దుకాణానికి పంపి మందు తెచ్చుకుంటున్నారు. డబ్బు పోతుంది, చేపలూ పోతాయి.

మధ్యాహ్నం వచ్చే ప్రమాదం: అమ్మోనియా

చేప విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి నీటిలో అమ్మోనియా తయారవుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, రెండోది మొప్పలను దెబ్బతీసే విషం. ఏది ఎంత ఉంటుందో ప్రధానంగా పీహెచ్ నిర్ణయిస్తుంది. నీటి వేడి 28 డిగ్రీలు ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విష రూపం ఇలా ఉంటుంది:

- పీహెచ్ 7 ఉంటే 1 శాతం లోపు
- పీహెచ్ 8 ఉంటే 6 నుంచి 7 శాతం
- పీహెచ్ 9 ఉంటే సుమారు 40 శాతం

అంటే అమ్మోనియా పెరగకపోయినా పీహెచ్ పెరిగితే చాలు, అదే నీరు విషంగా మారుతుంది. పచ్చదనం ఎక్కువైన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ బాగా పెరుగుతుంది. కాబట్టి అటువంటి చెరువుకు తెల్లవారుజామున ప్రాణవాయువు గండం, మధ్యాహ్నం అమ్మోనియా గండం.

ఇక్కడ ఒక జాగ్రత్త. నీరు బాగా లేదనగానే సున్నం చల్లడం మనకు అలవాటు. పీహెచ్ ఇప్పటికే ఎనిమిదిన్నర దాటిన చెరువులో కాల్చిన సున్నం వేస్తే పీహెచ్ ఇంకా పెరిగి, ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. పరీక్ష చేయకుండా సున్నం వేయకండి.

నీటిలో చూసుకోవాల్సిన అంకెలు

- ప్రాణవాయువు: లీటరుకు 5 మి.గ్రా. పైన ఉంటే మంచిది. 3 కంటే తగ్గితే చేప ఇబ్బంది పడుతుంది. తెల్లవారుజామున 5 – 6 గంటల మధ్య చూడాలి.
- పీహెచ్: 7.5 నుంచి 8.5. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకసారి చూడాలి. రెండింటికీ తేడా ఒకటి దాటితే పచ్చదనం ఎక్కువైందని, లేదా క్షారత్వం తక్కువగా ఉందని గుర్తు.
- క్షారత్వం: కనీసం 50 మి.గ్రా. ఉండాలి, 100 – 150 ఉంటే మేలు. పీహెచ్ ఎగుడుదిగుడులను ఆపేది ఇదే.
- విష రూపంలోని అమ్మోనియా: 0.05 మి.గ్రా. లోపు ఉండాలి.
- నీటి పారదర్శకత: మోచేతి వరకు చేయి ముంచితే అరచేయి లీలగా కనిపించాలి. అరచేయి మణికట్టు లోతులోనే కనిపించకుండా పోతే పచ్చదనం ఎక్కువైనట్టు. మోచేయి దాటినా స్పష్టంగా కనిపిస్తే సహజమైన మేత తక్కువగా ఉన్నట్టు.

పరీక్ష కిట్టు ఒక్కరికి భారం అనుకుంటే నలుగురు పక్క చెరువుల రైతులు కలిసి కొనుక్కోవచ్చు. అరచేతి పరీక్షకు ఖర్చే లేదు.

చేపలు పైకి తేలినప్పుడు వెంటనే చేయాల్సినవి

1. ఆ రోజు మేత పూర్తిగా ఆపండి. మేత సంచులు కట్టి ఉంటే తీసేయండి.
2. ఏరియేటర్ ఉంటే వెంటనే వేయండి. లేకపోతే ఇంజను పెట్టి చెరువు నీటినే ఎత్తి, రేకు మీదో చెక్క మీదో పడేలా చిమ్మండి. నీరు తుంపరగా పడితే గాలి కలుస్తుంది.
3. మంచి నీరు దొరికితే కొంచెం కొంచెంగా పెట్టండి. పక్క చెరువు వదిలిన నీరు మాత్రం పెట్టవద్దు.
4. పేడ, కోళ్ల ఎరువు, యూరియా వేయడం ఆపండి.
5. నీరు కుదుటపడ్డాక కూడా చేపలు పైకి తేలుతుంటే, అప్పుడు మొప్పలు చూపించి రోగ పరీక్ష చేయించండి. మొప్పల్లో పరాన్నజీవులు ఉన్నా చేప ఇలాగే చేస్తుంది.

ముందు నీటి పరీక్ష, తరువాత చేప పరీక్ష, ఆ తరువాతే మందు. ఈ వరుస మార్చకండి.

మందు సంచి విప్పే ముందు ఒక లెక్క

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఐదడుగుల లోతు, అంటే మీటరున్నర నీరు ఉంటే చెరువులో సుమారు 60 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. అందులో అర కిలో యాంటీబయాటిక్ పొడి కలిపి చల్లారనుకోండి. లీటరు నీటికి వచ్చేది 0.08 మిల్లీగ్రాములు.

ఈ మోతాదు రోగకారక సూక్ష్మజీవులను చంపడానికి చాలదు. వాటికి మందు అలవాటు చేయడానికి మాత్రం సరిపోతుంది. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2011లో ఇదే చూపించారు. సూక్ష్మజీవులను చంపే మోతాదుకు వందల రెట్లు తక్కువగా మందు ఉన్నా, దాన్ని తట్టుకునే రకాలే మిగతావాటిని వెనక్కి నెట్టి పెరుగుతున్నాయని వారు గమనించారు. కలుపు మందు సగం మోతాదులో కొడితే ఏమవుతుందో మీకు తెలిసిందే. తట్టుకున్న కలుపే మళ్లీ విత్తనం వేస్తుంది. చెరువులోనూ జరిగేది అదే.

మేతలో కలిపి ఇచ్చినా చిక్కు పూర్తిగా తీరదు. జబ్బు చేసిన చేప మేత సరిగా తినదు. తిన్న మందులో పెద్ద భాగం ఒంటికి పట్టకుండా విసర్జనతో బయటికి వచ్చి నీటిలో, అడుగు బురదలో చేరుతుంది.

యాంటీబయాటిక్‌కు లొంగని జబ్బులు

పుండ్ల వ్యాధి: చలికాలంలో ఒంటి మీద ఎర్ర మచ్చలుగా మొదలై పుండ్లు పడే జబ్బు. మన దేశంలో ఇది 1988లో కనిపించింది. దీనికి మూలం అఫనోమైసిస్ అనే బూజు జాతి జీవి. యాంటీబయాటిక్ బూజును చంపదు. భువనేశ్వర్‌లోని కేంద్రీయ మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ (సిఫా) దీని కోసం సిఫాక్స్ అనే మందును తయారు చేసింది. హెక్టారుకు మీటరు లోతు నీటికి 1 లీటరు చొప్పున వాడాలి. ఎకరం చెరువు, మీటరున్నర లోతు అయితే సుమారు 600 మి.లీ. సరిపోతుంది. చలికాలానికి ముందే పీహెచ్ చూసుకుని సున్నం వేసుకోవడం, వరద నీరు, అడవి చేపలు లోపలికి రాకుండా చూసుకోవడం దీనికి ముందుజాగ్రత్త.

చేప పేను: శీలావతి చెరువులకు ఇది పెద్ద బెడద. ఇది పురుగు జాతి జీవి కాబట్టి యాంటీబయాటిక్‌తో పని లేదు. పంట పొలాలకు కొట్టే సైపర్‌మెత్రిన్ వంటి పురుగు మందులను కొందరు చెరువులో పోస్తున్నారు. అవి చేపకు, రొయ్యకు తీవ్రమైన విషం. మోతాదు కాస్త అటు ఇటైతే చెరువే పోతుంది. ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. చేప పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. చెరువులో అక్కడక్కడా వెదురు బద్దలు, చెక్క పలకలు వేలాడదీయండి. వారానికి ఒకసారి తీసి, గీకి, ఎండలో బాగా ఆరబెట్టి మళ్లీ కట్టండి. మేత సంచులు కట్టే కర్రలనూ ఇలాగే శుభ్రం చేయండి. ఒక్కరోజులో పేను పోదు, కానీ రానురాను సంఖ్య తగ్గుతుంది.

సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బులూ ఉన్నాయి. పొట్ట ఉబ్బడం, పొలుసులు లేవడం, మొప్పలు కుళ్లడం అటువంటివే. వీటికి కూడా ఏ మందు పనిచేస్తుందో ప్రయోగశాల పరీక్షలో తేల్చుకుని, నిపుణులు రాసిన మోతాదు, రాసినన్ని రోజులు వాడాలి. మందు ఆపాక వారు చెప్పిన గడువు పూర్తయ్యే వరకు చేప పట్టకూడదు.

చెరువులోని మందు మన ఇంటికి ఎలా వస్తుంది?

సూక్ష్మజీవులకు ఒక గుణం ఉంది. మందును తట్టుకునే శక్తిని అవి తమ పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి సూక్ష్మజీవికి కూడా అందించగలవు. చేపకు జబ్బు తెచ్చే ఏరోమోనాస్ చెరువులో నేర్చుకున్న విద్య, పేడతో వచ్చిన ఈ-కోలైకి చేరవచ్చు. ఆ ఈ-కోలై నీటి ద్వారా, చేతుల ద్వారా మన పొట్టలోకి చేరవచ్చు. ఆ తరువాత ఇంట్లో పిల్లవాడికి మూత్రంలో మంటో, బాలింతకు జ్వరమో వస్తే డాక్టరు రాసిన మొదటి మందు పనిచేయదు. రెండోదీ పనిచేయకపోతే ఆసుపత్రి ఖర్చు ఎంతవుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇది ఊహ కాదు. 2015లో చైనా శాస్త్రవేత్తలు కొలిస్టిన్ అనే మందును తట్టుకునే జన్యువును పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా గుర్తించారు. ఏ మందూ పనిచేయనప్పుడు ఆసుపత్రుల్లో చివరి అస్త్రంగా వాడేది కొలిస్టిన్. మన ప్రభుత్వం 2019 జులైలో ఆహారానికి పెంచే జీవాలకు, కోళ్లకు, చేపలకు దాని వాడకాన్ని నిషేధించింది.

తప్పు రైతులది ఒక్కరిదే అనడం లేదు. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. కర్మాగారం చేసింది కర్మాగారం సరిదిద్దుకోవాలి. మన చెరువు వరకు బాధ్యత మనది.

కొన్ని మందులను ఎందుకు నిషేధించారో కూడా తెలుసుకోండి. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మూలుగను దెబ్బతీసి రక్తం తయారు కాకుండా చేస్తుంది. నైట్రోఫ్యూరాన్ మందులు క్యాన్సర్ కారకాలన్న అనుమానంతో ఆపేశారు. ఈ రెండు రకాలతో పాటు మెట్రొనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం మందులు కూడా రొయ్యల సాగులో నిషేధించిన జాబితాలో ఉన్నాయి. విదేశాలకు పంపిన సరుకులో వీటి ఆనవాలు దొరికితే సరుకు తిప్పి పంపుతారు. ఆ దెబ్బ ధర రూపంలో ఊళ్లోని రైతులందరి మీదా పడుతుంది. సంచి మీద మందు పేరు లేకుండా “గ్రోత్”, “పవర్” అని మాత్రమే రాసి ఉంటే కొనకండి.

మందు లేకుండా చేపలు పెంచడం కుదురుతుందా అని అడిగే రైతులకు నార్వే ఉదాహరణ చెబుతాను. అక్కడ సాల్మన్ చేపల పెంపకంలో 1987లో 50 టన్నులకు దగ్గరగా యాంటీబయాటిక్స్ వాడారు. తరువాత టీకాలు వచ్చాయి. ఒక పంటకూ ఇంకో పంటకూ మధ్య విరామం ఇచ్చారు, పెంపకం చోట్ల మధ్య దూరం పాటించారు. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, మందుల వాడకం మాత్రం 99 శాతం తగ్గింది. వారి చేప వేరు, సముద్రం వేరు. అయినా విరామం, ఆరోగ్యమైన పిల్ల, పలచగా వదలడం అనే మూడు పాఠాలు మన చెరువుకూ పనికొస్తాయి. పట్టుబడి తరువాత చెరువు అడుగు పగుళ్లు వచ్చే వరకు ఎండబెట్టడం మనకు అందుబాటులో ఉన్న చవకైన వైద్యం.

పాడి పశువుల విషయంలో

- చెరువు మీద ఆకుపచ్చ రంగు పూసినట్టు తెట్టు కట్టి, గాలి వాటున ఒక గట్టుకు చేరుతుంటే పశువులను ఆ నీరు తాగనివ్వకండి. నీలి-ఆకుపచ్చ నాచులో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని వదులుతాయి. మైలుతుత్తం పోసి ఒక్కసారిగా నాచును చంపితే ఆ విషమంతా నీటిలోకి వస్తుంది, ప్రాణవాయువూ పడిపోతుంది. తెట్టును వలతో లాగి గట్టుకు దూరంగా పోయండి.
- నత్తలు ఉన్న చెరువు అంచున మొలిచిన గడ్డి మీద కార్జపు జలగల పిల్లలు అంటుకుని ఉంటాయి. ఆ గడ్డి పచ్చిగా మేపకండి. పశువైద్యుల సలహాతో నట్టల మందు తాగించండి.
- పొదుగు వాపుకు మందు వాడుతున్న గేదె పాలు, గడువు తీరేవరకు ఇంట్లో వాడకండి, కేంద్రానికి పోయకండి. దాని పేడను చెరువులో వేయకండి.
- కోళ్ల ఫారం ఎరువును పచ్చిగా చెరువులో వేయకుండా బాగా మాగబెట్టి వాడండి. కోళ్ల వ్యర్థాలు, పేగులు చేపలకు మేతగా వేయకండి. ఆ మేతతో పెంచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సాగు మన దేశంలో నిషేధం.

నీటిలో పనిచేసే మనుషులకు

ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) వస్తుంది. సూక్ష్మజీవి కాలి పగుళ్ల నుంచి, చిన్న గాయాల నుంచి ఒంట్లోకి వెళుతుంది. గాయం ఉంటే నీటిలో దిగకండి. తప్పకపోతే కట్టు కట్టి, బూట్లు వేసుకుని దిగండి. బయటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. గట్ల మీద ఎలుక బొరియలు మూయండి.

చెరువు పనికి వెళ్లిన తరువాత రెండు మూడు వారాల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. “నేను చెరువు నీటిలో పనిచేస్తాను” అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట చెబితే జబ్బును త్వరగా గుర్తించడానికి వీలవుతుంది. చేప ముల్లు గుచ్చుకుని చేయి వాచినా అలాగే చెప్పండి. మీకు మీరే మందు బిళ్లలు కొని మింగకండి.

నీరు వదిలేటప్పుడు

చెరువు నీరు కాలువలోకి వదలడం సులువే. కానీ ఆ నీటిలోని మేత సారం కింది ఊరి మంచినీటి చెరువులో పాచిగా పెరుగుతుంది. అదే సారం మన పొలానికి ఎరువు. వీలైనంత వరకు ఆ నీటిని వరికి, కొబ్బరికి, పశుగ్రాసానికి పెట్టండి. ఎరువు ఖర్చు కొంత తగ్గుతుంది. వలతోనే పట్టుబడి చేసి నీటిని మరో పంటకు ఉంచుకోవచ్చు. వదలక తప్పకపోతే అడుగు బురద నీరు కదలకుండా పై నీటిని నెమ్మదిగా తీయండి, చివరి నీటిని గుంటలో నిలబెట్టి తేరుకున్నాకే వదలండి. రోగం తగిలిన చెరువు నీరు, మందో పురుగు మందో వేసిన నీరు ఎట్టి పరిస్థితిలోనూ కాలువలోకి వదలకండి. చనిపోయిన చేపలను కాలువలో వేయకుండా సున్నం చల్లి గోతిలో పూడ్చండి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి

తేదీ, ఉదయం పీహెచ్, మధ్యాహ్నం పీహెచ్, వేసిన మేత, చనిపోయిన చేపల సంఖ్య, వాడిన మందు పేరు, ఎందుకు వాడారు. రోజుకు రెండు నిమిషాల పని. రెండు పంటలు రాస్తే మీ చెరువు ఏ నెలలో ఎలా ప్రవర్తిస్తుందో మీకే తెలుస్తుంది. మమ్మల్ని పిలిచినప్పుడు కూడా ఆ పుస్తకం చూపిస్తే, ఊహ మీద కాకుండా లెక్క మీద సలహా చెప్పగలుగుతాం.

సందేహాలు ఉంటే మీ గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో మత్స్య సహాయకులను అడగండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఫోను చేసేముందు చెరువు విస్తీర్ణం, నీటి లోతు, ఉదయం చూసిన పీహెచ్ రాసి దగ్గర పెట్టుకోండి. ఆ మూడు అంకెలు లేకుండా ఎవరైనా మందు మోతాదు చెబితే ఆ సలహా తీసుకోకండి.